కూల్చే ముందు గులాబీ రంగు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో వచ్చిన ఒక ఉత్తరాన్ని మా చాయ్ దోస్తు నాకు చదివి వినిపించాడు. బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ స్టేడియం పాతబడిపోయిందని, నగరం నడిబొడ్డున అంత విలువైన జాగా దండగవుతోందని, దాన్ని పడగొట్టి పార్కింగుతో సహా పెద్ద కాంప్లెక్సు కడితే సర్కారుకు ఆదాయం, జనానికి సౌకర్యం అని అది రాసిన పాఠకుడి వాదన. మా దోస్తు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఉత్తరం చదివి, పేపరు మడిచి, "కరెక్టే రాసిండు గదా" అన్నాడు. నా చాయ్ సగం అలాగే చల్లారిపోయింది. ఇంటికొచ్చి ఆ ఉత్తరం నేనూ రెండుసార్లు చదివాను. అందుకే ఈ జవాబు. కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి. కోసుకునే హక్కు మీకు ఎలాగూ ఉంది.

నేను సర్కారీ నౌకరీలో సివిల్ ఇంజినీరుగా ముప్పై ఏళ్ళ పైన చేసి 2014లో రిటైరయ్యాను. పుట్టింది, పెరిగింది చిక్కడపల్లిలో. స్టేడియం అంటే నాకు ప్రాణం, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఇంజినీరుగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ సచిన్ 186 కొట్టాడని స్లాబు నిలబడదు. నిలబడే బలం ఉంటేనే నిలబడుతుంది. కాబట్టి నేను రాసేది జ్ఞాపకాల పేరు చెప్పి కూల్చొద్దని కాదు. పాతబడింది గనక కూల్చాలి అన్న ఆ ఒక్క వాక్యం మీదే నా గొడవంతా.

ముందు నా జ్ఞాపకాల సంగతి తేల్చేసుకుంటాను, లేకపోతే అవి మధ్య మధ్య వచ్చి అడ్డం పడతాయి.

మా నాయన నల్లగొండ దగ్గరి పల్లె నుంచి పట్నం వచ్చి అబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. 1955 నవంబరులో ఫతేమైదాన్‌లో మొదటి టెస్టు జరిగింది, న్యూజిలాండ్‌తో. అప్పటికి లాల్ బహదూర్ పేరు లేదు, 1967లో పెట్టారు. మా నాయన దృష్టిలో అది ఎప్పటికీ ఫతేమైదానే. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం దిగింది ఇక్కడేనని, గెలిచాక ఆ పేరు వచ్చిందని, ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారని చెప్పేవాడు. మా నాయన ఆఫీసుకు కడుపునొప్పి చీటీ పంపి రెండు రోజులు మ్యాచ్ చూశాడట. పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్ళలో అదే తొలి డబుల్ సెంచరీ. కృపాల్ సింగ్ అనే కొత్త కుర్రాడు ఆడిన మొదటి టెస్టులోనే సెంచరీ చేశాడు. కెప్టెన్ మన హైదరాబాదు గులాం అహ్మద్. మ్యాచ్ డ్రా అయింది. నేను ఆ మరుసటి ఏడాది పుట్టాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ 223 గురించి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఉమ్రిగర్ మా మేనమామ అనుకునేవాణ్ణి.

నేను చూసిన మొదటి టెస్టు 1969ది. అదీ న్యూజిలాండ్‌తోనే. తెలంగాణ ఉద్యమం వల్ల ఆ ఏడాది బడులు సరిగ్గా నడవలేదు, మాకు తిరగడానికి బోలెడు తీరిక. చిక్కడపల్లి నుంచి హిమాయత్‌నగర్, లిబర్టీ, బషీర్‌బాగ్ మీదుగా నడిచి వెళ్ళేవాళ్ళం. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు 89కే ఆలౌటు. చివరి రోజు 76కి ఏడు వికెట్లు పోయి ఓడిపోవడం ఖాయం అనుకుంటుండగా వాన పడింది. బతికిపోయాం. వానకు అంత గట్టిగా చప్పట్లు కొట్టిన జనాన్ని నేను మళ్ళీ చూడలేదు.

1988లో జరిగిన మూడో టెస్టు కూడా న్యూజిలాండ్‌తోనే. ఇక్కడ జరిగినవే మూడు టెస్టులు, మూడింటిలోనూ ఎదుటి జట్టు అదే. 1987 ప్రపంచకప్‌లో జింబాబ్వే హౌటన్ 142 కొట్టి దాదాపు గెలిపించిన మ్యాచ్ జరిగిందీ ఇక్కడే, మూడు పరుగుల తేడాతో బయటపడింది న్యూజిలాండే. 1999లో సచిన్, ద్రావిడ్ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం చేసింది వాళ్ళ మీదే. 2003 నవంబరులో ఇక్కడ చివరి అంతర్జాతీయ వన్డే, సెహ్వాగ్, సచిన్ ఇద్దరూ సెంచరీలు కొట్టారు. ఎదుట ఎవరో మీరే చెప్పండి. ఆ దేశానికీ ఈ మైదానానికీ ఏదో రుణానుబంధం. కూలిస్తే ముందు వాళ్ళకు కబురు పెట్టాలి.

1999 నవంబరు 8 మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనలోకి వస్తుంది. గంగూలీ మొదట్లోనే రనౌట్. ఆ తర్వాత చాలాసేపు వికెట్ పడలేదు. మేము కూర్చున్న కాంక్రీటు మెట్ల మీద జనం ఫోర్ కొట్టినప్పుడల్లా లేచి ఎగిరేవాళ్ళు. ఒక్కరు ఎగిరితే ఏం కాదు. వేలమంది ఒకే తాళంలో ఎగిరితే కాళ్ళ కింద స్లాబు సన్నగా వణుకుతుంది, రైలు దూరంగా పోతుంటే ప్లాట్‌ఫారం వణికినట్టు. నేను సీటు మీద అరచేయి ఆనించి ఆ వణుకు ఎంతసేపటికి ఆగుతోందో గమనిస్తున్నాను. పక్కన మా చాయ్ దోస్తే (అప్పటికి ఇంకా నౌకరీలో ఉన్నాడు) నా భుజం మీద చరిచి, "ఓ ఇంజినీరూ, స్కోరు చూడవయ్యా, స్లాబు కాదు" అన్నాడు. స్కోరూ చూశాను. 376కి రెండు. వణుకు కూడా చూశాను. వచ్చింది, వెంటనే సర్దుకుంది. బిల్డింగు కొంచెం కదలాలి. కదిలి, మళ్ళీ తన చోటికి రావాలి. ఆ రోజుకు ఆ స్టాండు బాగానే ఉందని నేను సంతృప్తిగా ఇంటికొచ్చాను. మరి ఇప్పుడు? పాతికేళ్ళు గడిచాయి. అరచేత్తో చూసి చెప్పే సంగతి కాదిది.

ఎలా చెప్పాలో చెప్పే ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ఒక జిల్లా పట్టణంలో పనిచేస్తున్నాను. అక్కడ ఒక పాత సర్కారు బడి, దానికి ఒక పెద్ద హాలు. పైకప్పు మూల రావి మొక్క మొలిచింది, వాన నీళ్ళు పోయే గొట్టంలో ఆకులు నిండి నీళ్ళు నిలబడేవి, ఒకచోట పెచ్చులు ఊడి రాడ్డు కనబడేది. నేను వెళ్ళి చూసి, గొట్టం బాగు చేయించి, మొక్క పీకించి, ఆ ఒక్క మూల రిపేరు చేస్తే చాలని రాశాను. మా పై ఆఫీసరు ఆ కాగితం తిప్పి పంపాడు. "రిపేరుకు బడ్జెట్ లేదయ్యా, కొత్తదానికి ఉంది. పాతది పాతదే గదా, రాసెయ్" అన్నాడు. నాకప్పుడు ట్రాన్స్‌ఫర్ టెన్షన్. రాసేశాను. "శిథిలావస్థలో ఉంది, వాడకానికి పనికిరాదు." కింద నా సంతకం.

పడగొట్టే రోజు నేనక్కడే ఉన్నాను. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో పెద్ద మిషన్లు లేవు, సమ్మెటలతో కొట్టాలి. మూడు రోజుల్లో అయిపోతుందనుకున్న పని పదిహేను రోజులు పట్టింది. దూలాలు లొంగలేదు. కూలీలు సమ్మెట వేస్తే ఠంగుమని తిరిగి లేచేది. లోపలి నుంచి బయటపడ్డ రాడ్లు నీలంగా, మచ్చ లేకుండా ఉన్నాయి. పాత ఇనుము కొనే మనిషి ఒక ముక్క చేత్తో పట్టుకుని చూసి, "సార్, ఇది మళ్ళా వాడుకోవచ్చు. ఎందుకు కూలగొడుతున్నరు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జాగాలో కట్టిన కొత్త హాలు రెండో వానాకాలానికే కారింది.

అందుకే ఎవరైనా "పాతది గదా" అంటే నాకు మా పై ఆఫీసరు గొంతు వినబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కాంక్రీటు చావదు, దానంతట అది ముసలిదై కూలిపోదు. లోపలి రాడ్లకు తుప్పు పడితే కూలుతుంది. కొత్త కాంక్రీటులో సున్నం గుణం గట్టిగా ఉంటుంది. ఆ గుణం ఉన్నంతకాలం అది రాడ్డు చుట్టూ ఒక కవచంలా పనిచేస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఏడాదికింత చొప్పున బయటి నుంచి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని తినేస్తుంది. అది రాడ్డు దాకా చేరి, దానికి తడి కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉన్నదానికి రెండు మూడింతలు జాగా అడుగుతుంది. లోపల జాగా లేక బయటి కాంక్రీటును నెడుతుంది. పెచ్చులు ఊడటం అంటే అదే. బయట సున్నం కొట్టి దాచినంత మాత్రాన లోపలి ఉబ్బు ఆగదు. అలాగే బయట మసిగా, నల్లగా ఉన్నంత మాత్రాన లోపల చెడిందని కూడా కాదు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. ఫినాఫ్తలీన్ అని ఒక ద్రావకం ఉంటుంది. మీరు కూడా పదో తరగతి ల్యాబులో చూసే ఉంటారు. స్తంభం మీద చిన్న చోట కొద్దిగా చెక్కి, దుమ్ము ఊది, అలా కొత్తగా బయటపడ్డ కాంక్రీటు మీద ఆ ద్రావకం చిమ్మాలి. సున్నం గుణం బతికున్న చోట అది చటుక్కున గులాబీ రంగులోకి మారుతుంది. చచ్చిన చోట రంగు రాదు, నీళ్ళలా ఉండిపోతుంది. (గులాబీ అన్నాను గదా అని దయచేసి ఏ పార్టీకీ అంటగట్టకండి, ఇది కెమిస్ట్రీ.) బయటి నుంచి ఎన్ని మిల్లీమీటర్ల లోతు దాకా రంగు రాలేదో స్కేలు పెట్టి కొలుస్తారు. రాడ్డు అంతకన్నా లోపల ఉంటే ఆ స్తంభానికి ఇంకా ఆయుష్షు ఉంది. గులాబీ అంచు రాడ్డును దాటి లోపలికి వెళ్ళిపోయి ఉంటే, అక్కడ తడి కూడా ఉంటే, జాగ్రత్త పడాలి. దీనికి తోడు సుత్తి లాంటి చిన్న పరికరంతో కొట్టి గట్టితనం చూస్తారు, అక్కడక్కడ డ్రిల్ చేసి కాంక్రీటు ముక్కలు తీసి ల్యాబులో నలిపి చూస్తారు. ఈ పని ఒక పెద్ద స్టేడియానికి మహా అయితే కొన్ని వారాలు.

ఇదంతా చేస్తే జవాబు ఎప్పుడూ "మొత్తం ఉంచాలి" అనో "మొత్తం తీసేయాలి" అనో రాదు. ఒక స్టాండు పాస్ అవుతుంది, ఇంకోటి ఫెయిల్ అవుతుంది. మైదానం 1950లో స్టేడియంగా మారింది. ఇండోర్ స్టేడియం, ఈత కొలను, ఫ్లడ్ లైట్లు తర్వాత తర్వాత వచ్చి చేరినవి. అన్నిటికీ ఒకే వయసు కాదు, ఒకే సిమెంటు కాదు, ఒకే మేస్త్రీ కాదు. ఫెయిల్ అయినదాన్ని పడగొట్టండి, నేను గొడవ చేయను. అవసరమైతే మొదటి సమ్మెట నేనే వేస్తాను. పాస్ అయినదానికి రాడ్లు శుభ్రం చేసి, కొత్త పొర పోసి, నీళ్ళ దారులు సరిచేసి వాడుకోవచ్చు. ఎగువ మెట్లు బలహీనమైతే వాటిని తీసేసి కింది మెట్లు ఉంచుకోవచ్చు. ఇప్పుడు ఇక్కడ వన్డేలు జరగవు, ఉప్పల్‌లో జరుగుతాయి. పాతికవేల సీట్లు దేనికి?

మా దోస్తు ఇక్కడే నన్ను పట్టుకున్నాడు. "వన్డేలు ఉప్పల్‌కు పోయినయ్, పెద్ద ఆటలన్నీ గచ్చిబౌలికి పోయినయ్. ఇగ ఈడ ఏముంది? మీటింగ్ పెడితే బషీర్‌బాగ్ నుంచి అబిడ్స్ దాకా బండ్లు ఆగిపోతయ్. నాకు అంబులెన్స్ రాకుంటే నీ స్టేడియం ఏం చేస్తది?" అన్నాడు. ట్రాఫిక్ సంగతి నిజమే. ఒక సభ రోజున నేనూ లిబర్టీ చౌరస్తాలో గంటన్నర ఆటోలో కూర్చున్నాను. కానీ ఆ నేరం మైదానానిది కాదు గదా, మైదానాన్ని సభలకు ఇవ్వడానిది. ఈ స్టేడియంలో చరిత్ర జరగలేదని నేను అనను. 1983 జనవరిలో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసింది ఇక్కడే. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల మీద పోరాడుతున్న వాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగింది కూతవేటు దూరంలో బషీర్‌బాగ్‌లో. నాలుగేళ్ళు తిరక్కుండానే 2004 మేలో వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టింది ఈ స్టేడియంలోనే. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ప్రమాణం కూడా ఇక్కడే. మంచిదే. ఐదేళ్ళకోసారి ప్రమాణం చేయడానికి ఇవ్వండి, నేను కాదనను. నెలకో సభకు మాత్రం వద్దు. సభ అయిన మర్నాడు గడ్డిలో కుర్చీ కాళ్ళ గుంతలు, షామియానా గుంజల బొక్కలు చూశారా? కుర్రాడి మడమ మెలిక పడేది వాటిలోనే.

"ఇగ ఈడ ఏముంది" అన్నదానికి జవాబు, వేసవిలో ఒక్క పొద్దున వచ్చి చూస్తే తెలుస్తుంది. నా మనవరాలు రెండేళ్ళు ఇక్కడి వేసవి శిబిరంలో వాలీబాల్ నేర్చుకుంది. దాన్ని దింపడానికి నేను పోయేవాణ్ణి. దానితో ఆడే పిల్లల్లో ఒకమ్మాయి మంగళ్‌హాట్ నుంచి వచ్చేది, ఇంకో ఇద్దరు ఆగాపురా నుంచి. ఒక్క బస్సు, లేకపోతే నడక. నాంపల్లి, అసెంబ్లీ మెట్రో స్టేషన్ల నుంచి నడిచి రావచ్చు. ఉప్పల్, గచ్చిబౌలి గొప్ప స్టేడియాలే, కాదనను. కానీ ఆగాపురా పిల్ల పొద్దున ఐదున్నరకు గచ్చిబౌలి ఎలా పోతుంది? రెండు బస్సులు మారి, చార్జీ పెట్టుకుని, బడి టైముకు తిరిగొచ్చి? రెండో వారానికే మానేస్తుంది. పేద పిల్లల ఆట ఊరి మధ్యలో ఉండాలి, ఎందుకంటే వాళ్ళు ఎటు నుంచి వచ్చినా మధ్యే దగ్గర. ఇంజినీరింగు కంటే ముఖ్యమైన సంగతి నాకిది. మెట్లు పోతే పోనీ, మైదానం పోకూడదు.

కాంప్లెక్సు కట్టేవాళ్ళు మైదానం కూడా ఉంచుతామనే అంటారు. మొదటి డ్రాయింగులో పచ్చగా వేస్తారు కూడా. నేను డ్రాయింగులు గీసినవాణ్ణి, పచ్చరంగు ఎంత చవకో నాకు తెలుసు. రెండో డ్రాయింగులో అది సగమవుతుంది, మూడోదాంట్లో పార్కింగ్ పైకప్పు మీద తోట అవుతుంది. టెండరు కోర్టుకు పోతే పదేళ్ళు చుట్టూ రేకుల కంచె. బషీర్‌బాగ్ అని రోజూ అంటాం గదా, ఆ పేరు ఆస్మాన్ జా కట్టిన ప్యాలెస్‌ది. ప్యాలెస్ ఎప్పుడో పోయింది, బస్టాపుకు పేరు మిగిలింది. రేపు "స్టేడియం స్టాపు" అని కండక్టరు అరిస్తే దిగి ఏం చూస్తాం?

పడగొట్టడం, నిలబెట్టడం రెండూ చూసిన ఊరొకటి ఉంది, అక్కడి సంగతి నాకు కొంచెం తెలుసు. మా చిన్నోడు అమెరికాలో సియాటిల్‌లో ఉంటాడు. ఆ ఊళ్ళో కింగ్‌డోమ్ అని పెద్ద కాంక్రీటు స్టేడియం ఉండేది. 1976లో తెరిచారు, 2000 మార్చిలో మందుగుండు పెట్టి క్షణాల్లో కూల్చారు. ఇరవై నాలుగేళ్ళకే. దాని తాలూకు అప్పు మాత్రం 2015 దాకా కడుతూనే ఉన్నారు. లేని స్టేడియానికి పదిహేనేళ్ళు కిస్తీ. అదే ఊళ్ళో 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఇంకో ఆటల భవనం ఉంది. బాగా పాతబడింది, చిన్నదైపోయింది. దాన్నేం చేశారంటే, పైకప్పును అలాగే ఉంచారు. రెండు కోట్ల కిలోల బరువున్న కప్పు. దాన్ని తాత్కాలిక ఇనుప స్తంభాల మీద గాల్లో నిలబెట్టి, కింద ఉన్నదంతా తీసేసి, ఇంకా లోతుగా తవ్వి, కొత్త స్టేడియం కట్టారు. 2019లో నేను అక్కడికి పోయినప్పుడు తవ్వకం జరుగుతోంది. మా చిన్నోడు నన్ను ఊరంతా చూపిద్దామని తీసుకెళ్తే, నేను ఆ కంచె సందులోంచి గంటసేపు గొయ్యి చూశాను. అంత పెద్ద కప్పు, కింద నేల లేదు. చలికి ముక్కు కారుతున్నా కదలబుద్ధి కాలేదు. "నాన్నా, స్పేస్ నీడిల్ వెనకాల ఉంది, అటు తిరుగు" అని వాడు మూడుసార్లు పిలిచాడు. 2021లో తెరిచారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది, కాబట్టి పాతది ఉంచుకోవడం ఎప్పుడూ చవక అని నేను అనను. మనకు అంత అక్కర కూడా లేదు, మన స్టేడియానికి మోయాల్సిన కప్పే పెద్దగా లేదు. బొంబాయిలో వాంఖడేను 2011 ప్రపంచకప్ కోసం ఉన్నచోటే తిరగ్గట్టారు, మద్రాసులో చెపాక్‌ను స్టాండు తర్వాత స్టాండు మార్చుకుంటూ వస్తున్నారు. రెండూ ఊరి మధ్యలోవే. వాటి మైదానాలు అంగుళం కదల్లేదు.

ఢిల్లీ మాత్రం వేరే దారి పట్టింది. ప్రగతి మైదాన్‌లో 1972లో ఆర్కిటెక్టు రాజ్ రేవాల్, ఇంజినీరు మహేంద్ర రాజ్ కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి పడగొట్టారు. మా తరం ఇంజినీర్లకు అది పాఠ్యపుస్తకం. లోపల స్తంభాలు లేకుండా కాంక్రీటుతో అల్లిన ముక్కోణాల బుట్ట. అరవయ్యేళ్ళు నిండని కట్టడం వారసత్వం కిందికి రాదన్నారు. మనకేమో డెబ్బై దాటింది గనక పనికిరాదంటున్నారు. మరి ఏ వయసులో ఉంటే బతకనిస్తారో, ఆ పాఠకుడు ఇంకో ఉత్తరం రాసి చెబితే బాగుండు.

నేను అడిగేది ఎక్కువేం కాదు. కూల్చే మాట ఎత్తకముందే పరీక్ష చేయించండి. పరీక్ష చేసేవాళ్ళకూ తర్వాత కట్టేవాళ్ళకూ చుట్టరికం ఉండకూడదు. ఏ స్తంభం దగ్గర చెక్కారు, ఎన్ని మిల్లీమీటర్లు రంగు రాలేదు, రాడ్డు ఎంత లోతున ఉంది, ఇదంతా తెలుగులో, ఉర్దూలో ఒక పెద్ద బోర్డు మీద రాసి గేటు దగ్గర పెట్టండి. చుట్టూ ఆట సామాను అమ్మే దుకాణాల వాళ్ళు, పొద్దున పరుగెత్తే పిల్లలు, వాళ్ళను దింపే మాలాంటి తాతలు చదువుకుంటారు. అందరికీ అర్థమయ్యేదే. దానికి ముందో వెనకో ఇంకో కాగితం రావాలి. మెట్లు ఉన్నా పోయినా ఈ నేల ఆటల మైదానంగానే ఉంటుంది, అంగుళం తగ్గదు అని. ఆ కాగితం ముందు వస్తే, కూల్చాలా వద్దా అన్న చర్చ సగానికి సగం చల్లబడుతుందని నా నమ్మకం. ఎందుకంటే కూల్చాలనేవాళ్ళలో చాలామందికి కావాల్సింది ఆ నేలే. మా దోస్తు కూడా ఇది విని కాసేపు ఆలోచించి, "పార్కింగ్ లేకుంటే ఎట్ల మరి" అన్నాడు. వాడికి ఇంట్లో రెండు కార్లున్నాయి.

ఇంకొక్క మాట. ఆ బడి హాలు పడగొట్టిన రోజు నేను ఒక చిన్న రాడ్డు ముక్క తెచ్చుకున్నాను, జానెడు ఉంటుంది. నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా ఇన్నేళ్ళూ అదే బరువు. ఈ ఉత్తరం మీద కూడా ఇప్పుడు అదే ఉంది. ఇంకా తుప్పు పట్టలేదు.

పరీక్ష పెట్టే రోజు ఎవరైనా పిలిస్తే వస్తాను. ద్రావకం సీసా, స్కేలు నేనే తెచ్చుకుంటాను. మోకాళ్ళ నొప్పులు గనక నిచ్చెన పట్టుకునే మనిషిని ఒకణ్ణి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
చిక్కడపల్లి, హైదరాబాదు.